లేక్ పావెల్: అమ్మానాన్నలతో వెళ్తే విమానమా, పడవా, బస్సా?

మీ ప్రశ్న మిగతావాళ్లకూ అర్థమయ్యేలా క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. అక్టోబరులో నల్లగొండ నుంచి మీ అమ్మానాన్న డాలస్ వస్తున్నారు. లాస్ వేగాస్, గ్రాండ్ క్యాన్యన్ అయ్యాక రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండు రోజుల్లో అరిజోనా, యూటా సరిహద్దులో కొలరాడో నది మీద ఉన్న లేక్ పావెల్ రిజర్వాయర్ చూపించాలనుకుంటున్నారు. వేగాస్ నుంచి ఒక్కరోజు బస్సు టూర్ తీసుకోవాలా, లేక్ పక్కనే ఉన్న పేజ్ ఊరి నుంచి చిన్న విమానం ఎక్కించాలా, లేక పడవ సరిపోతుందా అన్నది మీ సందేహం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారికి విమానమంటే భయం.

నేను ఫీనిక్స్‌లో ఉంటాను. ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్లాను, అందులో నాలుగుసార్లు పెద్దవాళ్లతో. నా జవాబు ముందే చెప్పేస్తున్నాను. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే, పొద్దున్నే అరగంట విమానం మీద పెట్టండి. ముందు పైనుంచి చూపించి, తర్వాత నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బస్సు టూర్ మాత్రం వద్దు.

ఎందుకంటే, రిజర్వాయర్ అనగానే మన కళ్లలో మెదిలేది నాగార్జునసాగర్. డ్యామ్ మీద నిలబడితే కనుచూపు మేరా నీళ్లే. లేక్ పావెల్ అలా ఉండదు. ఇది మైదానంలో పరుచుకున్న నీరు కాదు, లోతైన రాతి లోయలో నిండిన నీరు. నిండా ఉన్నప్పుడు పొడవు 186 మైళ్లు. ప్రధాన లోయకు అటూ ఇటూ దాదాపు వంద పక్క లోయలు, వాటన్నిటిలోకీ నీళ్లు పాకి ఉంటాయి. ఒడ్డంతా కొలిస్తే 1,900 మైళ్లు దాటుతుంది, అంటే ఆంధ్ర సముద్రతీరానికి దాదాపు మూడు రెట్లు. కానీ ఒడ్డున ఎక్కడ నిలబడినా మీకు కనిపించేది ఒక ముక్కే. మలుపు తిరిగితే రాతిగోడ అడ్డం వస్తుంది.

మొదటిసారి మా నాన్నను తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక రోజంతా కారులో తిప్పాను. మూడు వ్యూపాయింట్లు చూశాం. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమకాలువ ఆయకట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ కాలువ నీళ్లే. మూడో వ్యూపాయింట్ దగ్గర ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, "ఇదేనారా? మన పానగల్లు చెరువంత కూడా లేదే" అన్నారు. అంత దూరం కారులో కూర్చోబెట్టి తెచ్చిన మనిషి ఆ మాట అంటే మనసు చివుక్కుమంది. మర్నాడు పొద్దున ఏడున్నరకు విమానంలో సీట్లు దొరికాయి, ఎక్కాం.

పేజ్ విమానాశ్రయం నుంచి తిరిగేవి ఎక్కువగా రెక్కలు పైన ఉండే చిన్న సెస్నా విమానాలు. రెక్క మీ తలకంటే పైన ఉంటుంది కాబట్టి కిందికి చూడ్డానికి ఏదీ అడ్డం రాదు. హెడ్‌ఫోన్లు ఇస్తారు, పైలట్ మాట్లాడుతుంటాడు. మా విమానం లేచీ లేవగానే ఈ లేక్‌ను నిలిపిన గ్లెన్ క్యాన్యన్ డ్యామ్ కనిపించింది. కాసేపటికి కొలరాడో నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్. ఆ తర్వాత విమానం వెనక్కి తిరిగి లేక్ మీదికి వెళ్లింది. వాహ్వీప్ బే, టవర్ బ్యూట్, గన్‌సైట్ బ్యూట్, పాడ్రే బే వరసగా వచ్చాయి. దూరాన పదివేల అడుగులు దాటిన నవాహో మౌంటెన్. నాన్న కిటికీ అద్దం మీద వేలు పెట్టి, ఒక పక్క లోయలోకి నీళ్లు ఎంత దాకా వెళ్లాయో గీత గీస్తున్నట్టు జరుపుతూ పోయారు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. దిగే దాకా మాట్లాడలేదు. దిగాక అన్న మొదటి మాట: "వేరు తవ్వి తీసిన చెట్టులా ఉందిరా."

పైనుంచి స్పష్టంగా తెలిసే ఇంకో విషయం తెల్ల చార. ఎర్రటి ఇసుకరాతి గోడల అడుగున, నీళ్లకు కాస్త పైన, లేక్ చుట్టూ ఒకే ఎత్తులో తెల్లటి పట్టీ ఉంటుంది. మన బోరు నీళ్లు కాచిన గిన్నెకు పడుతుందే, అదే. నీళ్లలోని కాల్షియం రాతికి పట్టి, నీళ్లు దిగిపోయాక అలా మిగిలిపోయింది. నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 3,700 అడుగులు. ఆ స్థాయికి మొదటిసారి చేరింది 1980 జూన్‌లో. 2023 మొదట్లో అది 3,520 అడుగుల దగ్గరికి పడిపోయింది, అంటే సుమారు 180 అడుగులు తక్కువ. 3,490కి దిగితే ఇక కరెంటు తీయలేరు. ఆ గీతకు 30 అడుగుల దూరం దాకా వచ్చి ఆగిందన్నమాట. నీటిమట్టాల లెక్క రోజూ చూసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ తెల్ల చార చూస్తే కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మా నాన్నకు అలాగే అయింది, నాకూ అంతే. మీ నాన్నగారు కూడా దీని గురించే ఎక్కువ అడుగుతారని నా నమ్మకం, అందుకే ఇంకొంచెం రాస్తున్నాను.

విమానం దిగాక డ్యామ్ దగ్గరికి వెళ్లండి. పక్కనే కార్ల్ హేడెన్ విజిటర్ సెంటర్ ఉంది, పెద్ద అద్దాల్లోంచి డ్యామ్ అంతా కనిపిస్తుంది, కుర్చీలుంటాయి, ఏసీ ఉంటుంది. ఆ పక్కన నది మీద 1959లో పూర్తయిన ఉక్కు వంతెన. దాని కాలిబాట మీద నడిచి మధ్యలో ఆగితే కింద దాదాపు 700 అడుగుల లోతున పచ్చటి నీళ్లు. డ్యామ్ ఎత్తు 710 అడుగులు. సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులో, ఇక్కడ పని మొదలైంది 1956 అక్టోబరులో. అంటే రెండూ ఒకే ఈడువి. ఇక్కడ 1963 మార్చిలో గేట్లు దించి నీళ్లు ఆపడం మొదలుపెట్టారు. నిల్వ సామర్థ్యం ఎకరా అడుగుల్లో చెప్తే మనవాళ్లకు ఎక్కదు, టీఎంసీల్లోకి మార్చి చెప్పండి. దాదాపు 1,100 టీఎంసీలు. 408 టీఎంసీలకు కట్టిన సాగర్ పూడిక వల్ల 312కి వచ్చిన సంగతి నాన్నగారికి తెలిసే ఉంటుంది. ఇక్కడా పూడిక ఉంది, 1963 నుంచి 2018 లోపల సామర్థ్యంలో 6.83 శాతం పోయింది.

వంతెన మీద నిలబడి మా నాన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. "కాలువలేవిరా?" అటూ ఇటూ చూశారు. నిజమే, ఈ డ్యామ్‌కు కుడికాలువా లేదు, ఎడమకాలువా లేదు. తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నాను. కొలరాడో నీళ్లను ఏడు రాష్ట్రాలు 1922లో ఒప్పందం చేసుకుని పంచుకున్నాయి. ఎగువ రాష్ట్రాలు, దిగువ రాష్ట్రాలు అని రెండు భాగాలు. సరిహద్దు ఈ డ్యామ్‌కు దిగువన 15 మైళ్లలో ఉన్న లీస్ ఫెర్రీ దగ్గర. ఏ వరుస పదేళ్లు తీసుకున్నా అక్కడ 75 మిలియన్ ఎకరా అడుగులకు తగ్గకుండా నది దిగువకు పోయేలా ఎగువ రాష్ట్రాలు చూడాలి. మన లెక్కలో దాదాపు 3,270 టీఎంసీలు. వానలు బాగా పడ్డ ఏళ్ల లెక్క చూసి నదిలో నీళ్లు ఎక్కువున్నాయనుకుని పంచేసుకున్నారు. కరువు ఏడాది కూడా కింది వాటా ఇవ్వాలంటే ఎక్కడో నిల్వ ఉండాలి కదా, లేక్ పావెల్ ఎగువ రాష్ట్రాలకు ఆ గాదె. పొలాలకు పారించడానికి కాదు, వాటా తప్పకుండా ఇవ్వడానికి, కరెంటు తీయడానికి. రెండోసారి వచ్చినప్పుడు నాన్నకు ఇదంతా చెప్తే, "కృష్ణా పంచాయితీయే" అన్నారు.

ముంపు సంగతి కూడా నాన్నగారికి చెప్పండి. సాగర్ నిండకముందు నాగార్జునకొండలో తవ్వకాలు జరిపి, కట్టడాలను కొండ మీదికి తరలించారు. ఇక్కడ కూడా 1957 నుంచి 1963 దాకా పురావస్తు పరిశోధకులు లోయలన్నీ తిరిగి, ప్రాచీన నివాసాలనూ రాతి చిత్రాలనూ నమోదు చేశారు. తర్వాత చాలావరకు నీళ్లలో మునిగిపోయాయి. విమానంలోంచి విశాలంగా కనిపించే పాడ్రే బే అడుగున, 1776లో ఇద్దరు స్పానిష్ పాద్రీలు తమ బృందంతో నదిని దాటిన రేవు ఉంది. దాన్నీ నీళ్లు కప్పేశాయి.

ఇక అమ్మగారి భయం. బలవంతం చేయకండి. మా అమ్మ మొదటిసారి ఎక్కనంది, విమానాశ్రయంలో కాఫీ తాగుతూ కూర్చుంది. రెండోసారి తనే అడిగి ఎక్కింది. ఎక్కేవాళ్లు పొద్దున మొదటి విమానమే ఎక్కాలి. ఎండ ముదిరేకొద్దీ రాతి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, చిన్న విమానం కుదుపులు పడుతుంది. నేనొకసారి మధ్యాహ్నం మూడింటికి మా అత్తమ్మను ఎక్కించాను, ఆవిడ పది నిమిషాలకే వాంతి చేసుకుని మిగతా దారంతా కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాంతుల మాత్ర ఏది వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి, టిఫిను తేలిగ్గా పెట్టండి. బుక్ చేసేటప్పుడు అందరి బరువు అడుగుతారు, సీట్లు ఆ లెక్కన ఇస్తారు కాబట్టి దాచకుండా చెప్పండి. ఎక్కడానికి ఒక ఇరుకు మెట్టు ఉంటుంది. మోకాళ్ల సంగతి ముందే చెప్పి స్టూల్ అడగండి. గాలి ఎక్కువై రద్దు చేస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే టైమ్ ఇస్తారా అన్నది కూడా ఫోన్‌లోనే తేల్చుకోండి.

హెలికాప్టర్ టూర్లు కూడా ఉన్నాయి. కొన్ని టవర్ బ్యూట్ అనే కొండ నెత్తి మీద దింపుతాయి, అక్కడికి నడిచి ఎక్కే దారి లేదు. వయసులో ఉన్న జంట అడిగితే అది చెప్తాను. లేక్ ఆకారం అర్థం కావాలంటే మాత్రం ఎక్కువ దూరం తిరిగే విమానమే మేలు.

గైడ్‌తో నేల మీద చూసేవాటిలో యాంటిలోప్ క్యాన్యన్ ఒక్కటి వదలకండి. అది లేక్‌లో కలిసే ఒక వాగు ఇసుకరాతిని తొలిచి చేసిన సన్నటి సందు. అమెరికా ఆదివాసులైన నవాహో జాతి భూమి, వాళ్ల గైడ్ లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఈ పద్ధతి నాకు ఇష్టం. తమ నేలను తామే చూపించే మనిషి నోట వింటే ఆ రాయి వేరేగా కనిపిస్తుంది. ఇందులో ఎగువ, దిగువ అని రెండు భాగాలున్నాయి. ఎగువ క్యాన్యన్‌కు వాళ్ల భాషలో ఉన్న పేరుకు అర్థం, రాళ్లలోంచి నీళ్లు పారే చోటు అని. మా గైడ్ ఒక చోట ఆగి టార్చి పైకి వేసింది. మా తలల మీద చాలా ఎత్తున రెండు గోడల మధ్య ఒక దుంగ అడ్డంగా ఇరుక్కుని ఉంది. "వరద దాన్ని అక్కడ పెట్టింది" అని మాత్రం చెప్పి ముందుకు నడిచింది. 1997 ఆగస్టు 12న దిగువ క్యాన్యన్‌లో ఉన్నట్టుండి వచ్చిన వరదకు 11 మంది సందర్శకులు చనిపోయారు. వాన పడింది అక్కడ కాదు, మైళ్ల దూరాన. అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా మబ్బు చూసి గైడ్లు టూర్ ఆపేస్తే వాదించకూడదు. మీరు వెళ్లే అక్టోబరులో ఆ బెడద బాగా తగ్గుతుంది.

మోకాళ్ల నొప్పులుంటే ఎగువ క్యాన్యన్ తీసుకోండి, దిగువది వద్దు. దిగువదానిలో నిటారు ఇనుప నిచ్చెనలు దిగాలి. ఎగువదానికి వాళ్ల బండిలో ఇసుక మీదుగా తీసుకెళ్తారు, లోపల నేల చదును. కాకపోతే అటు చివర బయటికి వచ్చాక తిరిగి రావడానికి ఇనుప మెట్లు, ర్యాంపులు ఉంటాయి. ఆ మెట్ల దగ్గర నెమ్మదిగా నడిచే వీలుందా అని బుకింగ్ అప్పుడే అడగండి. బ్యాగులు లోపలికి రానివ్వరు. నేషనల్ పార్క్ పాస్ లేక్ ప్రవేశానికి పనికొస్తుంది కానీ ఇక్కడ చెల్లదు. హార్స్‌షూ బెండ్ పార్కింగ్‌కూ చెల్లదు. అక్కడ పేజ్ మున్సిపాలిటీవాళ్లు కారుకు 10 డాలర్లు తీసుకుంటారు, రానూపోనూ మైలున్నర నడక, నీడ తక్కువ. విమానంలోంచి చూసేస్తారు కాబట్టి నాన్నగారిని ఆ నడక నడిపించకండి.

టైమ్ విషయంలో జాగ్రత్త. అరిజోనాలో గడియారం మార్చరు, నవాహో భూమిలో మారుస్తారు, యూటాలోనూ మారుస్తారు. అక్టోబరులో పేజ్ టైమూ వేగాస్ టైమూ ఒకటే, కానీ పేజ్ నుంచి కొద్ది దూరం పోగానే ఫోన్ అవతలి టవర్ పట్టుకుని గంట ముందుకు దూకుతుంది. యాంటిలోప్ టూర్లు అరిజోనా టైమ్ ప్రకారమే నడుస్తాయి. మాన్యుమెంట్ వ్యాలీ టూర్లు నవాహో టైమ్ ప్రకారం. ఆ తేడా తెలియక ఒకసారి నేను ఫీనిక్స్ టైమ్ చూసుకుని తొమ్మిదింటికి అక్కడికి వెళ్తే అక్కడ పది అయింది, మా టూర్ వెళ్లిపోయింది. ముగ్గురి టికెట్ల డబ్బు పోయింది. ఫోన్‌లో టైమ్ జోన్‌ను చేత్తోనే ఫీనిక్స్‌కు పెట్టేయండి, ఆటోమేటిక్ తీసేయండి.

పడవ సంగతి. వాహ్వీప్ మెరీనా నుంచి గైడ్‌తో పడవలు వెళ్తాయి. గంటన్నర, రెండు గంటలది అమ్మగారికి బాగుంటుంది. తెల్ల చారను కింద నుంచి, తలెత్తి చూడ్డం వేరే అనుభవం. రెయిన్‌బో బ్రిడ్జ్ టూర్ చాలామంది సిఫారసు చేస్తారు. 290 అడుగుల ఎత్తున్న రాతి వంతెన, నవాహోలకూ ఇంకొన్ని జాతులకూ పవిత్రస్థలం, 1910లోనే జాతీయ స్మారకం అయింది. కానీ పడవలో దాదాపు 50 మైళ్లు పోవాలి, రోజులో ఎక్కువభాగం దానికే పోతుంది. పైగా నీళ్లు తగ్గేకొద్దీ పడవ ఆగేచోటు నుంచి నడక పెరుగుతుంది. నాన్నగారి మోకాళ్లకు అది కుదరదు.

నాన్నగారి కోసం నేను ఎంచుకునేది డ్యామ్ దిగువన నదిలో వెళ్లే మోటారు తెప్ప. బస్సులో ఎక్కించుకుని కొండలో తొలిచిన రెండు మైళ్ల సొరంగం గుండా డ్యామ్ అడుగుకు తీసుకెళ్తారు. అక్కడ తెప్ప ఎక్కి తలెత్తితే ఆ కాంక్రీటు గోడ మీద పడుతున్నట్టే ఉంటుంది. నీళ్లు లేక్ లోతుల్లోంచి వస్తాయి కాబట్టి చల్లగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. సుడులూ ఎగిసిపడటాలూ లేని నెమ్మది ప్రవాహం, కూర్చుంటే చాలు. మధ్యలో ఒక చోట దిగి ఇసుకలో కాస్త నడిస్తే పాతకాలపు రాతి చిత్రాలు. నాన్న అక్కడ చెయ్యి నీళ్లలో పెట్టి, "కాలువ లేదన్నాను గానీ, ఇదంతా కాలువే" అన్నారు. మీరు వెళ్లే వారం ఈ టూర్ నడుస్తుందో లేదో ముందే చూసుకోండి, భద్రతా తనిఖీ ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి.

బస్సు టూర్ ఎందుకు వద్దన్నానంటే, వేగాస్ నుంచి పేజ్‌కు 270 మైళ్ల పైనే, ఒక్కోవైపు నాలుగున్నర గంటలు. రానూపోనూ తొమ్మిది గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే, మిగిలిన కాస్త సమయంలో యాంటిలోప్, హార్స్‌షూ హడావుడిగా చూపించి ఎక్కించేస్తారు. లేక్ చూసినట్టే ఉండదు. మీకు రెండు రోజులున్నాయి, మొదటి రోజు నెమ్మదిగా కారులో రండి. సాయంత్రం వాహ్వీప్ ఓవర్‌లుక్ దగ్గర ఎండ దిగుతుండగా కూర్చోండి. కారు దాకా రోడ్డుంది, నడక అక్కర్లేదు. ఆ రాత్రి పేజ్‌లోనే పడుకోండి. రెండో రోజు పొద్దున విమానం, తర్వాత విజిటర్ సెంటర్, మధ్యాహ్నం తెప్ప లేదా వాహ్వీప్ పడవ. యాంటిలోప్ కూడా కావాలంటే మొదటి రోజు వేగాస్‌లో తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నం టికెట్ పెట్టుకోండి.

లోన్ రాక్ అనే చోట కార్లను నీళ్ల అంచు దాకా ఇసుకలో నడుపుతుంటారు, చూసి ఆశపడకండి. మా అద్దె కారు అక్కడ చక్రాలు సగం దాకా దిగబడి, లాగించడానికి మూడు గంటలు పట్టింది, అమ్మ ఆ ఎండలో నిలబడింది. పేజ్‌లో మన తిండి దొరుకుతుందని లెక్కపెట్టుకోకండి. పులిహోర కలుపుకుని, పెరుగు, ఊరగాయ ఐస్‌బాక్స్‌లో పెట్టుకోండి. ఒక్కొక్కరికీ టోపీ, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు. అక్టోబరు పొద్దుల్లో చలిగానే ఉంటుంది, విమానానికీ తెప్పకూ స్వెటర్ తీసుకెళ్లండి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, లేక్ దగ్గరా నవాహో పార్కుల్లోనూ నిషేధం.

ముందు బుక్ చేయాల్సింది యాంటిలోప్, త్వరగా అయిపోతుంది. తర్వాత విమానం, ఆ తర్వాత తెప్ప. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. నీటిమట్టం రోజూ ప్రకటిస్తారు, ఆ వారం లెక్క చూసి ఏ పడవ దారి తెరిచి ఉందో చెప్తాను.